మొగుడి వంతు చీపురు

తాగి బస్టాండులో వీరంగం వేసిన ఒక మత్స్యకారుడికి కోర్టు జైలు బదులు మా ఆసుపత్రి ఆవరణ ఊడ్చే పని వేసింది. ఎగ్గొడితే మాత్రం జైలే. ఆవరణ శుభ్రత చూసేవాణ్ణి కాబట్టి అతని బాధ్యత నా నెత్తిన పడింది. మా బాదంచెట్టు రాల్చే ఆకులు పోగేస్తే అన్నవరం కొండ పక్కన మరో కొండ లేస్తుంది. అవన్నీ అతనొక్కడే ఊడ్చేవాడు, రోజూ ఠంచనుగా వచ్చి.

శిక్ష చివరి రోజు మాత్రం రాలేదు. అతని భార్య వచ్చి, కొంగు నడుముకు దోపి, చీపురు అందుకుంది.

"ఏంటమ్మా ఇది? మీ ఆయనేడీ?"

"వేటకెళ్లాడండి. బోటు ఇంజను మొరాయించిందంట, దారిలో ఉన్నాడు. ఆయన వంతు నేను ఊడ్చేత్తాను."

"నువ్వు ఊడిస్తే ఎలాగమ్మా?"

"అదేంటండి బాబూ! ఒడ్డున వల లాగేటప్పుడు మనిషి రాకపోతే ఇంట్లోవాళ్లం తాడు పట్టుకుంటాం. అప్పుడు ఆయనకొచ్చే చేపల వాటా తెగదు కదండీ?"

కోర్టుకు ఈ వాటాల సంగతి తెలియదని చెప్పేలోపే సగం ఆవరణ ఊడ్చేసింది. ఆ చీపురు గాలికి కాకినాడ రేవులో ఓడలు ఊగి ఉంటాయి. పదకొండింటికి కానిస్టేబుల్ తనిఖీకి వస్తాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చే ప్రతి ఆటోలోంచీ రోగులే దిగుతున్నారు. నా గుండె చప్పుడికి ఎక్స్‌రే గది తలుపులు కొట్టుకుంటున్నాయి.

కానిస్టేబులే ముందొచ్చాడు. ఆయన మీసాల నీడలో ఇద్దరు రోగులు మంచాలు వేసుకుని పడుకోవచ్చు.

"ముద్దాయి ఎక్కడండీ?"

టీకి వెళ్లాడనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "దారిలో ఉన్నాడండి."

"దారిలో ఉంటే సరిపోద్దేంటండీ? రాలేదని రాసుకుంటాను." జేబులోంచి పెన్ను తీశాడు.

చీపురు చప్పుడు ఆగిపోయింది. "కాసేపాగండి బాబూ, మీకు దణ్ణం పెడతాను," అందామె.

అప్పుడు గేటులోంచి ముందు చేపల వాసన వచ్చింది, దాని వెనక తడిసిన లుంగీతో మనిషి పరుగెత్తుకొచ్చాడు. "వచ్చేశానండీ! వచ్చేశాను!"

కానిస్టేబుల్ ఆవరణంతా కలియజూశాడు. నేలమీద ఒక్క ఆకు లేదు. అన్నీ చెట్టుకింద కుప్పగా ఉన్నాయి.

"పనంతా ఆవిడ చేసేసింది. శిక్ష ఇతనిది. ఇతనేం చేశాడని రాయమంటారు?"

ఆమె పొద్దుటినుంచి నడుం వంచి పోగేసిన ఆ కుప్పవైపు చూసింది. దగ్గరికి వెళ్లి కాలితో ఒక్క తన్ను తన్నింది. మిగిలినవి రెండు చేతులతో ఎత్తి నలువైపులా జల్లింది. వచ్చి చీపురు మొగుడి చేతిలో పెట్టింది.

"ఊడ్చు. నేను కూచుని చూత్తాను."

కానిస్టేబుల్ పెన్ను జేబులో పెట్టుకుని, ఆసుపత్రి మెట్టుమీద పడ్డ ఆకులు దులిపి, ఆమెకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.