కూర లేని పఫ్

ఆ రోజుల్లో, అంటే రెండు వేల ఎనిమిది ప్రాంతంలో, పఫ్ గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. కడప బస్టాండు పక్కన బేకరీలో గాజుపెట్టె వెనక వేడివేడిగా ఉండేది. పైన పొరలు, లోపల ఉల్లిపాయ కూర, అదృష్టం బాగుంటే సగం గుడ్డు. ఆ పరిజ్ఞానంతోనే మస్కట్‌లో ఒక ఒమానీ మేడం ఇంట్లో పనికి చేరాను. మూడు నెలల్లోపు ఆమెకు నచ్చకపోతే ఏజెంటు వెనక్కి పంపేస్తాడని షరతు. అందుకే గ్లాసు కడిగినా దేవుణ్ణి తలుచుకునే కడిగేదాన్ని.

రెండో నెలలో మేడం ఆడపడుచు సలాలా నుంచి వస్తోందని, కొత్తగా తెరిచిన ఫ్రెంచి బేకరీలో "క్రొసాన్"లు పన్నెండు తెమ్మని నన్నూ డ్రైవరన్ననూ (ఆయనది కరీంనగర్) పంపారు. లోపల అడుగుపెట్టి నోరు తెరిచి నిలబడిపోయాను. చేతికర్రంత పొడుగు రొట్టెలు బుట్టలో నిలబెట్టి ఉన్నాయి. రంగురంగుల గుండ్రటి బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి (సబ్బులనుకున్నాను). ఒక్కోదాన్నీ చూపించి ఇదేంటి, ఇదెలా చేస్తారు అని అడగాలని ప్రాణం కొట్టుకుంది, కానీ భాష ఏదీ? కౌంటర్లో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి నవ్వుతూ డబ్బా కట్టి ఇచ్చింది.

పైన పొరలు చూసి మన పఫ్‌లే అనుకుని, ఇంటికొచ్చి ఒకటి విరిచాను (తినడానికి కాదు, పరిశీలనకు). లోపల ఖాళీ! ఇంకోటి విరిచాను. అదీ అంతే.

"అన్నా, కూర పెట్టేది మర్చిపోయినారన్నా! అన్నీ ఉత్తవే!"

డ్రైవరన్న తల గోక్కున్నాడు. "గట్లనే ఉంటయేమో చెల్లె. మనకేమెర్క?"

"యాడన్నా ఉత్త పఫ్ ఉంటాదా? కూర నేనే తినేసినానంటాది మేడం!"

విరిచిన రెండూ చెరొకటి తినేసి సాక్ష్యం లేకుండా చేశాం. చుట్టాలు రావడానికి అరగంట ఉంది. ఉర్లగడ్డలు ఉడికించి, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టి, మిగిలిన పదింటికీ పొట్ట కోసి కూరేశాను. ఆడపడుచు ఒక్కతే మూడు తింది.

దాంతో మరుసటి వారం మేడం నన్ను వెంటబెట్టుకుని తానే బేకరీకి వచ్చింది. "బటాటా ఉన్నవి ఇవ్వు" అంది (బటాటా అంటే బంగాళాదుంప). ఆ అమ్మాయి "ఓన్లీ ప్లెయిన్, మేడం" అంది. పోయిన వారం ఇక్కడివే తిన్నానని మేడం గొంతు పెంచింది. లోపల్నుంచి తెల్ల మేనేజరు వచ్చి, విషయమేమిటో వినకుండానే ఆ పిల్లను గద్దించడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మూడు నెలలు ఇంకా నిండలేదు. నేను నోరు మూసుకుంటే నా పని నిలుస్తుంది, ఆ పిల్లది పోతుంది.

"మేడం... బటాటా మై డాలా," అన్నాను, నేనే పెట్టానని వచ్చీరాని హిందీలో.

మేడం నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూలబడి మరీ నవ్వింది. మేనేజరు మాత్రం నవ్వలేదు, దగ్గరివాళ్ళెవరో పోయిన కబురు విన్నట్టు మొహం పెట్టాడు (ఆ పొరల వెనక ఎంత శ్రమ ఉందో నాకు తర్వాత తెలిసింది). ఆ పిల్ల కౌంటర్ మీదుగా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ ఇంట్లో ఆరేళ్ళు పనిచేశాను. ఇప్పుడు క్రొసాన్‌ను ఉత్తదే, పొర పొరా ఊడదీసి ఇష్టంగా తింటాను. తింటున్నప్పుడల్లా ఆ వంటింట్లో చెమటలు కక్కుతూ కూర కూరుతున్న ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, వెంటనే జాలి కూడా వేస్తుంది. "ఇది ఇట్లే ఉంటాదా మేడం?" అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అడగడానికే పాపం దానికి భయం.