నాలుగు నిమ్మకాయల టెస్ట్ డ్రైవ్

ఆ రోజుల్లో పత్రికలో చేరినవాడికి రాయడం వస్తే చాలనుకునేవారు. దేని గురించి రాస్తున్నాడో అది అతనికి వచ్చా రాదా అని ఎవరూ అడిగేవారు కారు. మరీ పాత కాలమేమీ కాదు, ఓ పదమూడేళ్ళ కిందటి మాట. తిరుపతి ఎడిషన్‌లో చేరిన ఐదు నెలల్లోనే నేను పట్టుపురుగుల పెంపకం గురించి రాశాను (అప్పటికి పట్టుపురుగును కళ్ళతో చూడలేదు), మామిడి గుజ్జు ఎగుమతుల గురించి రాశాను, మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు కూడా రాశాను. చదివినవాళ్ళెవరూ వచ్చి నిలదీయలేదు కాబట్టి నాకు అన్నీ వచ్చునని డెస్కులో ఒక నమ్మకం ఏర్పడింది. పెద్దల నమ్మకాన్ని చెదరగొట్టడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

మా డెస్కు పెద్దను అందరం కత్తెర సార్ అనేవాళ్ళం. ఎంత పొడుగు వార్త ఇచ్చినా సగం చేసి పంపేవారు. ఒకనాటి మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఏమప్పా, మీ నాయన లారీ డ్రైవరే గదా?" అన్నారు. "అవును సార్, ఒకప్పుడు" అన్నాను. "ఇంకేం, స్టీరింగు నీకు పుట్టుకతోనే వచ్చుంటాది. ఇప్పుడు కొత్తగా వస్తాండాయే, అటు కారూ కాదు ఇటు జీపూ కాదు, ఎత్తుగా, పొట్టిగా... ఆ చిన్న క్రాసోవరు. షోరూమోళ్ళు ఒక పూట ఇస్తామన్నారు. నడిపి, నీకేమనిపించిందో శనివారం పేజీకి రాయి. వాళ్ళ పుస్తకంలో ఉండేది ఎత్తి రాసేది కాదు. సీట్లో కూసున్నోడు రాసినట్టు ఉండాల." ఆరు నెలల ప్రొబేషన్‌లో అది చివరి నెల. నన్ను ఉంచుకోవాలో ఇంటికి పంపాలో కత్తెర సార్ రాసే ఒక్క కాగితం మీద ఉంది. 'నాకు కారు రాదు సార్' అని చెప్పడానికి నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం "సరే సార్."

కారు బొత్తిగా రాదని కాదు. ఒక డ్రైవింగ్ స్కూల్లో పన్నెండు రోజులు నేర్చుకున్నాను. లైసెన్సు కూడా ఉంది. అయితే ఆ స్కూలు కారులో నేర్పే ఆయన కాళ్ళ కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి. నేను స్టీరింగ్ పట్టుకుని గంభీరంగా కూర్చునేవాణ్ణి. కారును నడిపింది ఆయన కాళ్ళు. ఈ సంగతి నాకు స్కూలు వదిలిన మరునాడు, ఒక స్నేహితుడి కారులో ఒంటరిగా కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు.

ఇక నాయన. మాది నగరిలో నేత కుటుంబం. నాయన మాత్రం మగ్గం దిగి స్టీరింగ్ ఎక్కాడు. పద్దెనిమిదేళ్ళు నగరి లుంగీల బేళ్ళు చెన్నైకి, తిరుపతికి, నూలు మూటలు నగరికి తోలాడు. నేను ఇంటర్‌లో ఉండగా, అంజేరమ్మ కనుమ మలుపులో ఒక సైకిలు మనిషి ఆయన లారీకి తగిలాడు. మనిషి బతికాడు. కాలు పోయింది. తప్పు డ్రైవరుది కాదని అందరూ అన్నారు, చివరికి ఆ సైకిలాయన కూడా అన్నాడు. నాయన మాత్రం తాళం చెవి ఓనరు బల్ల మీద పెట్టేసి వచ్చి, మళ్ళీ మగ్గాల షెడ్డులోకి వెళ్ళాడు. ఆరేళ్ళు గడిచినా బండి స్టీరింగ్ తాకలేదు. తిరుపతి బస్సెక్కితే రోడ్డు కనబడని సీటు చూసుకుని కూర్చునేవాడు.

షోరూమ్ వాళ్ళు బండితో పాటు ఒక మేనేజరును కూడా పంపారు. టై కట్టుకున్న, చాలా మర్యాదస్తుడైన మనిషి. ఊరు ఈ పక్క కాదు. నేను రాత్రంతా ఆలోచించి ఒక పథకం వేసుకున్నాను. "ఇది కుటుంబాల బండి కదండీ, ముందు వెనక సీట్లో కూర్చుని చూడాలి. మీరు నడపండి, నగరి దాకా పోదాం" అన్నాను. ఆయన మెచ్చుకున్నాడు. ఇంతవరకు ఏ పత్రికాయనా వెనక సీటు గురించి ఆలోచించలేదట. నగరే ఎందుకంటే, అక్కడైతే ఆఫీసువాళ్ళెవరూ చూడరు. ఇంకో కారణం కూడా ఉంది. ముందురోజు అమ్మకు ఫోన్ చేసి, "రేపు కారులో వస్తాండాను మా" అని చెప్పాను. ఎవరి కారో చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణే. అమ్మ అడగలేదు.

పుత్తూరు దాటాక మేనేజరు అద్దంలో నన్ను చూసి, "వచ్చేటప్పుడు మొత్తం మీరే సార్. మీరు నడుపుతున్న ఫొటో ఒకటి తీసి పంపమన్నారు మీ ఆఫీసులో" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత వెనక సీటు సౌకర్యం గురించి నేను రాసుకున్నదేమీ లేదు.

మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి ఉంది. పక్కిళ్ళ వాళ్ళు అరుగుల మీద ఉన్నారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, పళ్ళెంలో కర్పూరం, పసుపు, కుంకుమ, ఒక బూడిద గుమ్మడికాయ పెట్టుకుని నిలబడి ఉంది. నేను దిగేలోపే బానెట్ మీద మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ పడ్డాయి. "మా, ఇది మనది కాదు మా" అన్నాను. కర్పూరం వెలిగిస్తూ, "అంతా సామిదే నాయనా, మనదేముండాది" అంది. మేనేజరు టై సర్దుకుంటూ, "అమ్మా, ఇది డెమో బండి..." అని మొదలుపెట్టాడు. పక్కింటి అత్త ఆయన చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి పక్కకు జరిపింది. గుమ్మడికాయ పగిలింది. నాలుగు చక్రాల కిందికీ నాలుగు నిమ్మకాయలు చేరాయి.

ఆ తర్వాతి తంతు మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పూజ అయిన బండిని ఆ ఇంటి మనిషే ఎక్కి నిమ్మకాయల మీదుగా ముందుకు పోనివ్వాలి. పరాయి చెయ్యి పనికిరాదు. నిమ్మకాయలు చితకకుండా బండి కదిలినా, బండి అసలు కదలకపోయినా అరిష్టమే. "ఊ, ఎక్కరా! ఏం సూస్తాండావు?" అంది అమ్మ. వీధంతా నన్నే చూస్తోంది. ఎక్కాను. తాళం తిప్పాను. క్లచ్చు తొక్కి, గేరు వేసి, డ్రైవింగ్ స్కూలాయన కాళ్ళను తలచుకుని, నా కాలు వదిలాను.

బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. నాలుగు నిమ్మకాయలూ చెక్కుచెదరకుండా పక్కకు దొర్లాయి. బానెట్‌కు జానెడు దూరంలో అమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. పళ్ళెం కింద పడింది గానీ అమ్మ కదల్లేదు. నా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, తీద్దామంటే రావడం లేదు. షెడ్డులో మగ్గం చప్పుడు ఆగింది.

నాయన వచ్చి నా పక్క తలుపు తీశాడు. తలకు, భుజాలకు నూలు ధూళి అంటుకుని ఉంది. "దిగు" అన్నాడు. దిగాను. ఎవరి బండి, ఎందుకు వచ్చింది, నేనేం చేయాల్సి ఉంది, చేయకపోతే ఏమవుతుంది, అంతా అక్కడే నిలబడి చెప్పేశాను. కారు ఇంటిది కాదని విని అమ్మ బానెట్ మీది పసుపు వంక చూసి, "పెట్టింది పెట్టినట్టే ఉండనీ. ఎవురిదైతే ఏం, మంచి జరగనీ" అంది. నాయన నన్ను తిడతాడని చూశాను. ఆయన లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి మేనేజరు చేతికి ఇచ్చాడు. అందులో లైసెన్సు ఉంది. గడువు దాటలేదు. స్టీరింగ్ ముట్టనన్న మనిషి ఆరేళ్ళుగా దాన్ని రెన్యువల్ చేయించుకుంటూ వచ్చాడని మాకప్పుడే తెలిసింది.

"నేను తోల్తా. నువ్వు రాసుకో" అన్నాడు నాతో. మేనేజరు ఆ లైసెన్సులో హెవీ అని ఉండటం చూసి, నా ముఖం ఇంకోసారి చూసి, ఫొటో మాట ఎత్తకుండా వెనక సీట్లో కూర్చున్నాడు.

నాయన ఎక్కగానే బండి తీయలేదు. నన్ను బానెట్ ముందు నిలబడమన్నాడు. "ఎనక్కి పో. ఇంకా పో. ఆఁ, ఆడ నిలబడు. ఇప్పుడు కనపడినాయి నీ కాళ్ళు. ఈ లోపల కూసోని ఆడుకునే బిడ్డ ఉంటే నాకు కనపడడు. రాసుకో." తర్వాత అద్దాలు సవరించాడు. అమ్మ నిమ్మకాయలు మళ్ళీ చక్రాల కింద పెట్టి మేనేజరు పక్కన ఎక్కింది, నేను నాయన పక్కన కూర్చున్నాను. బండి ఎంత నెమ్మదిగా కదిలిందంటే నాలుగు నిమ్మకాయలు ఒకదాని తర్వాత ఒకటి చితకడం మాకందరికీ వినబడింది.

తిరుపతి దారంతా ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను. ఎత్తు సీటు కాబట్టి రోడ్డు బాగా తెలుస్తుంది. గుంతల్లో నడుము అదరదు. ఏసీ పెట్టి ఎత్తు ఎక్కిస్తే ఇంజను కొంచెం మొరాయిస్తుంది. మేనేజరు పవర్ లెక్కలేవో చెప్పబోతే, "ఉండప్పా, బండే సెప్తా ఉండాది గదా" అన్నాడు. కనుమ దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. మలుపులో వేగం బాగా తగ్గించి, తల ముందుకు వంచి, ముందరద్దం పక్కనుండే ఇనుప కంబం అవతలికి తొంగి చూశాడు. మలుపు దాటాక, "ఈ కంబం శానా లావుగా ఉండాది. దీని సాటున సైకిలు మనిషి పూర్తిగా దాక్కుంటాడు. తల వంచి సూడాల. అది రాయి, మర్సిపోవద్దు" అన్నాడు. నేను రాసుకుంటూ తల ఎత్తలేదు.

కనుమలోని అమ్మవారి గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతాయి, డ్రైవర్లు టెంకాయ కొట్టి పోతారు. నాయన కూడా ఆపాడు. గుడి ఎదురుగా ఒకాయన చంకకర్ర పక్కన పెట్టుకుని ఉడికిన శెనక్కాయలు అమ్ముతున్నాడు. ఆ సైకిలు మనిషే. ఇన్నేళ్ళూ బస్సులో నాయన ఎందుకు రోడ్డు కనబడని సీటు వెతుక్కునేవాడో నాకు అక్కడ అర్థమైంది. నాయన స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు. దిగనూ లేదు, బండి తీయనూ లేదు. ఆ శెనక్కాయలాయనే గుర్తుపట్టి, కర్ర తీసుకుని దగ్గరికి వచ్చాడు.

"డ్రైవరన్నా! ఏమన్నా, మళ్ళా ఎక్కినావా సీటు?"

"ఎక్కినా తమ్ముడా. ఈ ఒక్క దినానికే" అన్నాడు నాయన. పక్క సీటు చూపించి, "ఎక్కి కూసో. ఎట్టుండాదో సెప్పు. మావోడు పేపర్లో రాస్తాడు" అన్నాడు.

నేను వెనక్కి మారి అమ్మకూ మేనేజరుకూ మధ్య ఇరుక్కున్నాను. ఆయన తలుపు పట్టుకుని, వంగకుండా, ఎవరి చెయ్యీ అందుకోకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. కర్ర ఒడిలో పెట్టుకున్నాడు. సీటును తట్టి చూశాడు. పైకప్పు చూశాడు. "మనట్టోడు ఎక్కి దిగేదానికి బాగుండాదన్నా" అని, నాయన వైపు తిరిగి, "ఏమైనా నీ లారీ కంటే మెత్తగానే ఉండాది" అన్నాడు.

మేనేజరుకు సంగతి తెలియదు కాబట్టి, "లారీకీ దీనికీ పోలికేముంది సార్!" అన్నాడు ఉత్సాహంగా. ముందు నవ్వింది ఆ సైకిలాయనే. తర్వాత నాయన నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, చాలాసేపు తీయలేదు. అమ్మ కిటికీలోంచి గుడి వైపు చూస్తూ కూర్చుంది. పోయేటప్పుడు ఆయన మా అందరికీ తలా ఒక పొట్లం శెనక్కాయలు ఇచ్చి, ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.

ఆ సాయంత్రం డెస్కులో కూర్చుని అంతా 'నేను' అని రాశాను. నేను ఎక్కాను, నేను చూశాను, కంబం చాటున మనిషి దాక్కుంటాడని నాకు అనిపించింది. కత్తెర సార్ చదివారు. ఒక్క అక్షరం కొట్టలేదు. అది నా ఉద్యోగంలో ఎన్నడూ జరగని విషయం, భయం వేసింది. కళ్ళజోడు తీసి, "బాగుండాదప్పా" అన్నారు. "ఇంతకీ బండి తోలింది ఎవురు?" నేను బల్ల మీది కాగితాలు సర్దాను. "ఇరవై నాలుగేండ్లోడు బండెక్కితే పాటలెట్ట వస్తాయో సూస్తాడు. కంబం సాటున మనిషి ఉన్నాడేమో అని ఎతకడు."

అంతా చెప్పి, ఆ రాత్రే రాజీనామా కూడా రాసి ఇచ్చాను. (భాష విషయంలో చాలా శ్రద్ధ తీసుకున్నాను, రెండు పేజీలు వచ్చింది.) ఆయన దాంట్లో మూడు తప్పులు దిద్ది, సగానికి కత్తిరించి, నాకే వెనక్కి ఇచ్చారు. "రాదని సెప్పేది నేర్చుకో. నెలాఖరు దాకా టైముంది" అన్నారు. తర్వాత నాయన పేరు అడిగారు. శనివారం పేజీలో నా పేరు లేదు. 'బండి నడిపి చూసినవారు' అని నాయన పేరు, కింద 'మాజీ లారీ డ్రైవర్, నగరి' అని పడింది.

అది నా తొలి పెద్ద కథనం. నా పేరు పడనందుకు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నన్ను ఉంచుకుంటున్నట్టు నెలాఖరుకు కాగితం వచ్చినా ఆ అలక పూర్తిగా తీరలేదు. తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్ళేసరికి నాయన మామూలుగా షెడ్డులో మగ్గం దగ్గర ఉన్నాడు. పేపరు చూశావా అని అడిగితే తలూపాడు, అంతే. లోపల అమ్మ ఆ పేజీని మడత పెట్టి తన పట్టుచీరల మధ్య దాస్తూ కనబడింది. "ఇంతకు ముందొకసారి పడినాది లే మీ నాయన పేరు పేపర్లో, కనుమలో అట్టయినప్పుడు" అంది, నా వైపు చూడకుండా. "ఆ పేపరు నేనే పొయ్యిలో ఏసినా."

పక్కనే నిలబడి ఆ మాట విన్న ఆ ఇరవై నాలుగేళ్ళవాడు అప్పుడైనా తన పేరు సంగతి మరిచిపోయాడా అంటే, లేదు. బస్టాండుకు పోయే దారిలో కూడా, కింద చిన్న అక్షరాల్లోనైనా వేసి ఉండొచ్చు కదా అనుకుంటూ నడిచాడు.