పదకొండో పేరు

చలికాలమంతా షెడ్డులో పడి ఉన్న కిట్‌బ్యాగు జిప్ లాగగానే ముక్కిన వాసన గుప్పుమంది. తడి ఆరని ప్యాడ్లు, చెమట ఇంకిన గ్లవ్స్, ఎవరో తిని లోపలే పడేసిన అరటిపండు తొక్క. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు సలీం సార్ గుర్తొస్తారు. సీజన్ మొదలయ్యే ముందు ఆయనే ఈ బ్యాగును బయటకు ఈడ్చి, ప్యాడ్లన్నీ గ్రౌండు కంచె మీద ఆరేసి, జాన్సన్‌విల్ గాలికి అవి ఎగిరిపోతుంటే వెనకాల పరుగెత్తేవారు. ఇప్పుడు ఆరేసేది నేను, పరుగెత్తేదీ నేనే. చేతులు పని చేస్తున్నాయి గాని మనసు మనసులో లేదు. శనివారం మొదటి మ్యాచ్. జట్టులో పదిమంది పేర్లు ఖాయమైపోయాయి. పదకొండో పేరు తేలక వారం రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మాది వెల్లింగ్టన్ ఉత్తరం వైపు శివారు జాన్సన్‌విల్‌లో ఉన్న చిన్న ఆడవాళ్ళ క్రికెట్ క్లబ్బు. కోచ్‌ని నేను. కిందటేడు అతి కష్టం మీద పై డివిజన్‌లో నిలబడ్డాం. ఈ ఏడు జారితే బాగా ఆడేవాళ్ళు ఒక్కొక్కరే పెద్ద క్లబ్బులకు వెళ్ళిపోతారు, ఆ తర్వాత జట్టే ఉండదు. ఇలాంటి సమయంలో కేట్ అనే బౌలర్, ఊళ్ళో పేరున్న క్లబ్బు వదిలేసి మా దగ్గరికి వస్తానంది. కొత్త బంతి తనకే ఇవ్వాలంది. మా దగ్గర కొత్త బంతి వేసేది హానా. పదిహేడేళ్ళ మావోరీ అమ్మాయి. పక్కనున్న హైస్కూల్లో, ఇక్కడి మాటలో కాలేజీలో, చదువుతోంది. దాన్ని నేనే వెతికి తెచ్చి, చేయి ఎలా తిప్పాలో దగ్గర నుంచి నేర్పాను. చోటు ఒక్కటే. తయారై వచ్చినదాన్ని తీసుకోవాలా, తయారవుతున్నదాన్ని నిలబెట్టుకోవాలా? సలీం సార్ తన జీవితంలో సగం ఈ ప్రశ్నతోనే వేగారు. ఆయన్ని ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెబితేనైనా నా గుండెలో ఈ దడ తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

ఆయనది వరంగల్. జాన్సన్‌విల్‌లో ఒక డెయిరీ నడిపేవారు. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, మూల మీద ఉండే చిల్లర కొట్టు. కూతురు క్రికెట్ ఆడతానంటే దగ్గర్లో అమ్మాయిల జట్టు లేకపోయింది, అందుకని తనే పెట్టారు. కూతురు రెండు సీజన్లు ఆడి, విసుగొచ్చి మానేసి, నర్సు అయి టౌరంగా అనే ఊరికి వెళ్ళిపోయింది. తండ్రి మాత్రం మానలేకపోయారు. నేను ఇదే దేశంలో ఉత్తరాన ఉన్న ఆల్బనీలో చదువు ముగించి, వెల్లింగ్టన్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగానికి వచ్చి, ఊళ్ళో వేరే క్లబ్బులో ఆడుతున్న రోజులవి. ఒకసారి పాల కోసం ఆయన కొట్టుకు వెళ్ళి, ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. భుజాన క్రికెట్ బ్యాగు ఉంది. ఫోన్ పెట్టేదాకా ఆగి తెలుగులో అడిగారు.

"ఏ ఊరు బిడ్డా?"

"తెనాలండీ."

"తెనాలోళ్ళకు నాటకాలు గదా వచ్చేది. క్రికెట్ గూడ వస్తదా?"

"వరంగల్ వాళ్ళకు వచ్చినప్పుడు మాకు రాకుండా ఎలా ఉంటుందండీ?" అన్నాను. గోడ మీద ఆయన ఊరి కోట బొమ్మున్న క్యాలెండరు నేను అప్పటికే చూశాను.

ఆయన నవ్వి పాల డబ్బా సంచిలో పెట్టారు. "ఏ నంబర్ల ఆడిపిస్తున్నరు నిన్ను?" అని అడిగారు. ఏడు అన్నాను. "మా దగ్గర ఓపెనింగ్ ఖాళీగున్నది. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించడానికి నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. ఆ నెలలోనే పాత క్లబ్బుకు మెసేజ్ పెట్టి ఇటు వచ్చేశాను. అక్కడి కెప్టెన్ 'ఆల్ ది బెస్ట్' అని ఒక్క ముక్క జవాబిచ్చింది. ఇక్కడి తడి పిచ్‌ల మీద, ఈ దిక్కుమాలిన గాలిలో ఎలా నిలబడి ఆడాలో నాకు నేర్పింది ఆమే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనైనా తట్టలేదు.

మొదటి ప్రాక్టీసుకు వెళ్ళగానే సలీం సార్ నా బ్యాటింగ్ గురించి ఒక్క మాటా అడగలేదు. "కారున్నదా?" అన్నారు. పాతది ఉందన్నాను. "మంచిది. ముందు సీటు ఖాళీగ ఉంచు. నిత్య అని కాలేజీ పిల్ల ఉన్నది. దాన్ని ఇంటికాడికెల్లి తెచ్చుడు, మళ్ళ దింపుడు నీ పని" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను బ్యాటింగ్‌కి వచ్చాను సార్, డ్రైవర్ ఉద్యోగానికి కాదు" అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "బయటి క్లబ్బుల నుంచి ఎవలొచ్చినా గంతే. ఒక కాలేజీ పిల్లను ఎక్కించుకోవాలె. ఇష్టం లేకపోతే చెప్పు, పాలు కొనుక్కోనికి ఎట్లయినా వస్తుంటవ్ గద" అన్నారు.

ఆయన పద్ధతి అది. బయటినుంచి వచ్చినవాళ్ళు ఒక మూల, కాలేజీ పిల్లలు ఒక మూల కూర్చుంటే ఒకే చొక్కాలో రెండు జట్లు ఉన్నట్టేనని ఆయన భయం. నెట్స్‌లో చెప్పలేనివి కారులో చెప్పుకుంటారని నమ్మకం. నిత్య ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. నేను తెలుగులో వాగుతుంటే అంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చేది. సీటు నిండా చిప్స్ పొడి రాల్చేది. తిట్టేదాన్ని. తిడుతూ తిడుతూనే, స్టంపుల బయట పడే బంతిని ఎందుకు వదిలేయాలో, మొదటి గంట గడిస్తే బ్యాటింగ్ ఎంత తేలికవుతుందో చెప్పేదాన్ని. మోటార్‌వే మీద ఎదురుగాలి కారును తోసేస్తుంటే ఆ పిల్ల పాటలు మార్చుకుంటూ వినేది. నేను ఇన్నాళ్ళూ లెక్కచేయకుండా ఆడిన షాట్ల వెనక ఒక ఆలోచన ఉందని, ఆమెకు చెబుతున్నప్పుడే నాకూ తెలిసింది. ఆ సీజన్లో నా బ్యాటింగ్ ఎన్నడూ లేనంత బాగుపడింది. నిత్యకు నేనంటే ఇష్టం ఏర్పడింది. నాకూ తనంటే.

మా కమిటీకి ఈ పద్ధతి నచ్చేది కాదు. పొరుగింటి పుల్లకూర రుచెక్కువ, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఈ రెండు సామెతలూ మా కమిటీని చూసే పుట్టాయని నేను వేళాకోళం చేసేదాన్ని. కాలేజీ పిల్లలెందుకు, వేరే క్లబ్బుల్లో అలిగి కూర్చున్నవాళ్ళను తెచ్చుకుంటే వచ్చే ఏడే పై డివిజన్‌కి వెళ్ళొచ్చు కదా అనేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ వాళ్ళ మాటే న్యాయంగా అనిపించేది. అలా వచ్చినవాళ్ళలో నేనొకదాన్ని కదా.

ఆ ఏడు ఆఖరి మ్యాచ్ గెలిస్తే పై డివిజన్. ముందు రోజు మధ్యాహ్నం ల్యాబ్ నుంచి బయటికొస్తే కార్‌పార్క్‌లో సలీం సార్ నిలబడి ఉన్నారు. కొట్టు పట్టపగలు మూసేసి వచ్చారంటే ఎవరికో ఏదో అయిందనుకుని గబగబా దగ్గరికి వెళ్ళాను.

"రేపు నిన్ను ఆడిపిస్తలేను బిడ్డా. నిత్య ఓపెనింగ్ చేస్తది" అన్నారు.

ఆ సీజన్లో జట్టులో అందరికంటే ఎక్కువ పరుగులు చేసింది నేను. ఎందుకని అడిగాను. గెలవక్కర్లేదా అని అడిగాను. గెలవాలన్నారు. మరి నన్ను తీసేస్తే ఎలా గెలుస్తామంటే, "అదే తెలుస్తలేదు" అన్నారు. "దానికి కాలేజీ అయిపోతున్నది. వేసవంత నా మాట విని మిగిలినోళ్ళకు నీళ్ళ సీసాలు మోసింది. ఇప్పుడు గూడ ఆడిపియ్యకపోతే బ్యాటు పక్కన పడేసి పోతది. నువ్వు పడెయ్యవు."

"అంటే నేను వదిలిపోనని ధైర్యంతో నన్ను తీసేస్తున్నారా?"

"అవును" అన్నారాయన.

ఆ నిజాయితీకి నాకు ఇంకా మండిపోయింది. తోటి ఉద్యోగులు కార్లు తీసుకుంటూ మావైపు చూస్తున్నారు. నోటికొచ్చినట్టు మాట్లాడాను. కూతురు మానేసినా మీకు బుద్ధి రాలేదని కూడా అన్నాను. ఆయన గడియారం చూసుకోలేదు, సర్దిచెప్పలేదు, భుజం తట్టలేదు. నేను అడుగుతున్నంతసేపూ, తిడుతున్నంతసేపూ ఆ గాలిలో అలాగే నిలబడ్డారు. నేను అలిసిపోయాక మెల్లగా, "రేపు దాన్ని నువ్వే తీసుకురావాలె" అన్నారు.

తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దారంతా నిత్య పాటలు పెట్టలేదు, చిప్స్ తినలేదు. గ్రౌండు దగ్గర దిగేముందు తొలిసారి తెలుగులో "సారీ అక్కా" అంది. "బయట బంతిని వదిలెయ్, చాలు" అన్నాను. వదల్లేదు. రెండో ఓవర్లోనే బయట బంతిని తరిమి ఔటయింది. మేం ఓడిపోయాం. ఓడిన నెలలోనే కమిటీ సలీం సార్‌ని ఎంతో మర్యాదగా సలహాదారును చేసి, కోచ్ పని ఇంకొకరికి ఇచ్చింది. ఆయన సలహా ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం సీజన్ ముందు వచ్చి ప్యాడ్లు ఆరేసి పోయేవారు.

కథ అక్కడితో అయిపోతే ఆయన్ని ఒక మొండిమనిషిగా గుర్తుపెట్టుకుని ఊరుకునేదాన్ని. మరుసటి ఏడు నిత్య మమ్మల్ని వదిలి ఊళ్ళో పెద్ద క్లబ్బుకు వెళ్ళిపోయింది. ఎవరి కోసం నన్ను పక్కన కూర్చోబెట్టారో, ఎవరి కోసం ఆయన పదవి పోగొట్టుకున్నారో, ఆ పిల్లే. నేను ఒంటికాలి మీద లేచి కొట్టుకు వెళ్ళాను. ఆయన కౌంటర్ వెనక నిలబడి ఫోన్లో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. మీద మీదికి వచ్చే బంతికి ఆ పిల్ల కళ్ళు మూసుకుంటుందని, తిడితే ఇంకా ముడుచుకుపోతుందని, ఓపిగ్గా చెప్పాలని చెబుతున్నారు. అవతల ఉన్నది ఆ కొత్త క్లబ్బు కోచ్.

"పెంచి పెద్దచేసి వాళ్ళ చేతుల్లో పెట్టి, పైగా ఎలా చూసుకోవాలో కూడా చెబుతున్నారా?" అన్నాను.

"మనకు నువ్వెట్ల వచ్చినవ్ బిడ్డా?" అని అడిగారాయన.

దెప్పుతున్నట్టు అడగలేదు. మామూలుగానే అడిగారు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. గాలిలో నిలబడడం నేర్పిన ఆ పాత కెప్టెన్, ఆ ఏడు నేనున్నానన్న ధైర్యంతో ఎవరిని వద్దందో, నేను వచ్చేశాక ఎవరి ఇంటికి వెళ్ళి ఏం చెప్పిందో నాకు తెలియదు. మనం ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఖాళీ చేసిన చోట్లోకే వెళ్తాం, ఎవరికో ఖాళీ మిగిల్చే వెళ్తాం. ఆ ముక్క బుర్రకెక్కాక ఆట అంతకుముందున్నంత సుఖంగా ఎప్పుడూ లేదు.

ఆయన కొట్టు అమ్మేసి కూతురి దగ్గరికి టౌరంగా వెళ్ళేముందు, ఆ ఆఖరి మ్యాచ్ గురించి ఒకసారి అడిగాను. చేసింది సరైనదేనా అని. "తెల్వది" అన్నారు. "కాలేజీ పిల్లలనే ఆడిపిస్తే ఓడిపోతం. తయారైనోళ్ళనే తెచ్చుకుంటే గెలుస్తం గని, అండ్ల మనదేమున్నది? రెండూ కావాలె. రెండూ కావాలంటే ఎవలో ఒకలు ఏడుస్తరు. పదిమంది పేర్లు ఎవలైనా చెప్తరు. పదకొండో పేరు చెప్పినంక గూడ నీకు హాయిగ నిద్ర పట్టిందంటే, ఎవలనో మర్చిపోయినవన్నట్టే." ఆయన అక్కడే చనిపోయి రెండు శీతాకాలాలు గడిచాయి. నేను కోచ్‌నయ్యాక ఆ మాట ఎన్నిసార్లు తిట్టుకున్నానో. పోతూ పోతూ కాస్త నిద్రైనా ఇచ్చి పోకూడదా మనిషి?

ప్యాడ్లు ఆరాయి. పేరు తేలింది. కేట్ ఆడుతుంది. జట్టు జారిపోతే హానాకు ఆడడానికి క్లబ్బే మిగలదని నా లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చు. జట్టు వివరాలు అందరికీ ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది కదా అంది కమిటీ. మెసేజ్ పెట్టలేదు. సాయంత్రం కాకముందే కారు తీసి హానా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తలుపు తానే తీసింది. నా మొహం చూడగానే తన మొహం మారిపోయింది. చెప్పాను.

"చలికాలమంతా నా చోటు నాదేనన్నావు. అదంతా ఉత్తిదేనా?" అంది. కేట్ వస్తుందని ఎప్పటినుంచి తెలుసని అడిగింది. తను కేట్ కంటే ఎక్కడ తక్కువో చెప్పమంది. కేట్ వయసు, అనుభవం, పాయింట్ల పట్టిక, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. లోపలినుంచి వాళ్ళమ్మ ఎవరొచ్చారని కేక వేసినా హానా వెనక్కి తిరగలేదు. గొంతు పెంచింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టింది. కారు తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. నేను అక్కడే నిలబడ్డాను.