కొంగు చాలని తెల్లవారుజాము

పలాసలో బస్సు దిగగానే జీడి పిక్కలు కాల్చే పొగ గొంతులో గుచ్చుకుంటుంది. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటుతో పాటు సుభద్ర టీచరు గుర్తొస్తారు. 

బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆవిడ పూండికి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్నారు. మేము కొందరం ఆడవాళ్ళం జీడి షెడ్డులో పిక్కలు కొట్టేవాళ్ళం. మధ్యాహ్నం మా అన్నాలయ్యాక వచ్చి, గచ్చు మీద బొగ్గుతో అక్షరాలు రాయించేవారు. నాకప్పటికే మనవరాలుంది. జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళతో దిద్దాలంటే సిగ్గేసేది. "ఏలు నల్లగుంటే అచ్చరం పారిపోద్దేటి? రాయే," అనేవారు.

మా ఇళ్ళలో ఒక అలవాటుంది. మగవాడు సముద్రం మీద చేపల వేటలో ఉండగా చుక్క రాలడం కనబడితే, చూసిన ఆడది వెంటనే కొంగున ముడి వేసుకోవాలి. మనిషి ఇల్లు చేరాక ఆ ముడి అతనే విప్పాలి.

ఒక డిసెంబరులో మా ఆయన వేటకు వెళ్ళిన సాయంత్రం ఫోనుల్లో ఒక కబురు తిరిగింది. ఆకాశం నుంచి పెద్ద రాయి వచ్చి సముద్రంలో పడుతుందట, ఒడ్డున ఊళ్ళన్నీ మునుగుతాయట. నాకు అప్పటికింకా కూడబలుక్కోవడమే సరిగా రాదు. మరిది చదివి వినిపించాడు. తుపానులు చూసినవాళ్ళం, ఇక నిద్ర ఎక్కడిది? చీకటి ఉండగానే ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డాను. ఒక చుక్క రాలింది. ముడి వేశాను. వేసేలోగా ఇంకొకటి. తర్వాత రెండు ఒకేసారి. వరసగా వేస్తూనే ఉన్నాను.

సుభద్ర టీచరు ఆకాశం చూడడానికే వచ్చారట. నన్ను చూసి ఆగారు.

"అదేటే, కొంగుని తాడులా పేనతన్నావు?"

"నవ్వకండి టీచరమ్మా. సుక్కలు ఆగడం నేదు. కొంగయిపోనాది. ఆ రాయి వచ్చేత్తంది గావాల."

"రాయి ఉంది, నిజమే. ఇటు రావడం నేదు. కూకో."

ఇసకలో కూర్చోబెట్టి చెప్పారు. అది అయిదారు కిలోమీటర్ల అడ్డం ఉన్న నల్లని రాయి. పేరు ఫేథాన్. నాకు నోరు తిరగలేదు. తోకచుక్కల్లా మంచు ముద్ద కాదు, గట్టి రాయి. సూర్యుడికి మరీ దగ్గరగా పోయి, ఒళ్ళంతా కాలి, మళ్ళీ దూరం వెళుతుంది. అది ఎప్పుడో రాల్చిన పొడి దాని దారి పొడవునా పరుచుకుని ఉంది. ఏటా డిసెంబరులో మన భూమి ఆ పొడిని దాటుతుంది. ఇసక రేణువంత ముక్కలు గాలిలో మండి మెరుస్తాయి.

"రాయన్నాక పొడెలా రాలిందమ్మా?"

"బట్టీలో పిక్క పగిలినట్టు ఏడికి బీటలిచ్చిందని కొందరంటారు. కాదు, ఇంకోలాగని కొందరు. ఎవులికీ సరిగ్గా తెలీదు."

"మరి మా ఆయన వత్తాడా?"

ఎవరైనా వస్తాడనే చెబుతారు. ఆ మాట కోసమే అడిగాను. 

"అదీ తెలీదే. గాని ఆ సుక్కలకి మీ ఆయన ఎవుడో తెలీదు. అది మాత్రం నాకు తెలుసు."

అలా అని లేచి వెళ్ళిపోలేదు. ఎండెక్కేదాకా నా పక్కనే ఉన్నారు. పడవ వచ్చింది. మా ఆయన దిగి నా కొంగు చూశాడు.

"ఏటే, సేపలకి నానెల్తే ఇక్కడ నువ్వు వలల్లేవా?"

తడి వేళ్ళతో ఒక్కొక్క ముడి విప్పుతూ విసుక్కున్నాడు. టీచరు దగ్గొచ్చేదాకా నవ్వారు.

తర్వాత కొన్నాళ్ళకు ఆవిడ కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాస్తే అందరికీ ఒకటే భయం. రక్తం శుద్ధి చేయించుకోవడానికి పలాస ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నేను తోడు వెళ్ళేదాన్ని. బస్సులోంచి దుకాణాల బోర్డులు చదివించేవారు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"మీకే ఎందుకొచ్చిందమ్మా కిడ్నీ జబ్బు?"

"తెలీదే. నీళ్ళంటారు, ఎండంటారు. ఎతుకుతున్నారు." కిటికీలోంచి బట్టీ పొగ వచ్చింది. "తెలీనప్పుడు తెలీదనడం రావాల. నేకపోతే ఎవుడో తెలిసినట్టు ఫోన్లో రాసేత్తాడు."

ఆఖరుసారి ఆవిడను ఆసుపత్రికి ఆటో ఎక్కించింది కూడా తెల్లవారుజామునే. ఒక చుక్క రాలింది. ఇసక రేణువని నాకు తెలుసు. అయినా చెయ్యి కొంగు మీదికి పోయింది.

"ఇసక్కేనేటే ముడి?" అన్నారు.

"కాదు, మీకు," అని ముడి బిగించాను.

ఆవిడ మళ్ళీ మా ఊరు రాలేదు.

ఇప్పుడు వాతావరణం కబురు నేనే చదువుకుంటాను. వేటకు నా కొడుకు కూడా వెళతాడు. వస్తాడా అత్తా అని కోడలు అడిగితే తెలీదనే చెబుతాను. చెప్పి, పడవ కనబడేదాకా కోడలి పక్కనే కూర్చుంటాను. నా భయం ఏమీ తగ్గలేదు. టీచరును ఆటో ఎక్కించిన రోజు కట్టుకున్న చీర పెట్టెలో ఉంది. విప్పవలసిన చెయ్యి నాది కాదు కనుక, ముడి అలాగే ఉంచాను.