చక్కెర లేని సీసా

ఆ రోజు ఉదయం నేను నా పరిశోధక విద్యార్థిని కొట్టాను. కొట్టడానికి నాకు దొరికిన కారణం కూడా నా తప్పేనని కాసేపట్లోనే తెలిసింది.

క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా ఎక్కువ చక్కెర మింగుతాయి. అది అందకుండా చేస్తే చస్తాయా అన్నదే క్యాంపస్‌లో మా ల్యాబ్ పని. అతని థీసిస్ అంతా దాని మీదే. పై వారం కమిటీకి ఫలితం చూపకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది. మూడు రోజులు చక్కెర లేని ద్రవంలో ఉంచిన కణాలు ఆ ఉదయం మైక్రోస్కోపు కింద గుంపులు గుంపులుగా బలిసి కనిపించాయి.

"సీసాలు మార్చావా?" అన్నాను.

"మీరు పోసిచ్చిన సీసలకెళ్లే తీసిన సార్. నేనేం మార్చలే."

"దొంగ చేతులతో సైన్సు చేస్తావురా!"

ప్లేట్లు గోడకేసి కొట్టాను. అతను వంగి ఏరబోయాడు. కాలర్ పట్టి లేపి చెంప మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. ఇన్‌క్యుబేటర్ తలుపు అంచు తగిలి పెదవి చిట్లింది, తెల్లకోటు మీద రక్తం కారింది. అయినా నాకు ఆగాలనిపించలేదు. అది దాచి మిగతాదంతా రాస్తే ఇది ఒప్పుకోవడం కాదు.

"ఏంది సార్, చంపుతారా!" అంటూ జూనియర్ అమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది.

అతను పెదవి తుడుచుకున్నాడు. "మీ బ్యాగుల షుగర్ మిషన్ ఉన్నది గద సార్. నా రక్తమైతే తీసిండ్రు, ఇగ గా సీసల చుక్క గూడ చూడుండ్రి."

చూశాను. అంత అంకె నాకు పెళ్లి భోజనం తర్వాత కూడా రాలేదు.

ఎవరినీ నమ్మక ద్రవాలు నేనే కలుపుతాను. ముందు చీటీలన్నీ ఖాళీ సీసాలకు అంటించి, తర్వాత పోస్తాను. ఈ సీసాలు నింపిన పూట ఫోన్లో ఎవరి మీదో అరుస్తూ, చక్కెర ద్రవాన్ని చక్కెర లేని చీటీ ఉన్న సీసాలో పోశాను.

ఆసుపత్రికి నాతో రానన్నాడు. ఆ అమ్మాయే తార్నాకకు తీసుకెళ్లి రెండు కుట్లు వేయించింది. వాళ్లు వచ్చేసరికి, దెబ్బా సీసా రెండూ నా తప్పేనని రాసి శాఖాధిపతికి ఇచ్చాను. అందరి ముందూ అతన్ని క్షమాపణ అడిగాను.

"మాఫీ గీఫీ వద్దు సార్. గైడును మార్చే కాయిదం మీద దస్కత్ పెట్టుండ్రి."

పెట్టాను. కమిటీ ముందూ తప్పు నాదేనని చెప్పాను. అతనికి గడువు పెంచారు. నా ఫ్రీజర్‌లోని అతని కణాల గొట్టాలను డ్రై ఐస్ డబ్బాలో సర్ది, మోసుకెళ్లి అతని కొత్త ల్యాబ్‌లో అప్పగించి వచ్చాను.