బాబాయి నమ్మని ఫోర్కు

చక్రం కనిపెట్టిన నాడు మానవజాతి యావత్తూ నిలబడి చప్పట్లు కొట్టి ఉంటుంది. ఆ గుంపులో ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని, "గుండ్రంగా ఉన్నట్టు కనిపిస్తోంది, సరే. నిజంగా గుండ్రంగానే ఉందా?" అని అడిగి ఉంటాడు. చరిత్రకారులు వాణ్ణి పట్టించుకోలేదు. వాడి వంశం అంతరించలేదనడానికి మా బాబాయే సజీవ సాక్ష్యం. కొందరికి కాఫీ అలవాటు, కొందరికి పగటి నిద్ర అలవాటు. మా బాబాయికి అనుమానం అలవాటు.

ఆయన ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చేయడం. పొద్దుటి నుంచీ తాళ్లూ కప్పీలూ పరీక్షించి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టి, అన్ని అంతస్తులూ మెట్ల మీదుగా దిగి వస్తాడు. ఒక భవనం యజమాని ఉండబట్టలేక అడిగాడట, లిఫ్టు బాగుందని తమరే రాశారు కదా అని. "రాశాను. అది లిఫ్టు గురించి. నా గురించి కాదు" అన్నాడట మా బాబాయి. ఇంట్లోనూ ఇదే వరస. పేరు పెట్టి పిలిచి, తను పలికాక, "నువ్వేనా?" అని అడిగే మొగుడు లోకంలో తనకొక్కదానికే దొరికాడని పిన్ని వచ్చినవాళ్లందరికీ చెబుతూ ఉంటుంది.

ఊరి వెనకున్న రాళ్లకొండ మీదికి ఆయన సెలవు రోజుల్లో పాత సైకిలు మీద వెళ్లేవాడు. పైకి ఎంచక్కా తొక్కుకుంటూ పోయేవాడు. దిగేటప్పుడు మాత్రం హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేవాడు. అందరూ చేసేదానికి ఇది సరిగ్గా తలకిందులు కదా అంటే, "ఎక్కడం నా చేతిలో ఉంది. దిగడం కొండ చేతిలో ఉంది" అనేవాడు.

ఇలాంటి మనిషి చేతిలో మా చెల్లెలి భవిష్యత్తు పడింది.

చెల్లెలంటే బాబాయి కూతురే. కాలేజీలో చదువుతూ, ఆ కొండ దారిలోనే సైకిలు తొక్కుతూ, మోకాళ్లు పగలగొట్టుకుంటూ పెరిగిన పిల్ల. కొండదారి సైకిలు జట్టుకి ఒక ఆదివారం ఎంపిక పోటీ పెట్టారు. ఎవరి మౌంటెన్ బైకు వాళ్లే తెచ్చుకోవాలన్నాడు కోచ్. అప్పటిదాకా చెల్లెలు తొక్కింది స్నేహితురాలి సైకిలు. ఆ స్నేహితురాలూ పోటీలో ఉంది. కొత్తది కొనాలంటే ఫ్రిజ్జు అమ్మాలని పిన్ని తేల్చేసింది. అందుకని బాబాయి పాతది కొని బాగుచేస్తానన్నాడు. బేరానికి నన్ను సాక్షిగా తీసుకెళ్లాడు.

"ఎందుకు అమ్ముతున్నారు?" అని అడిగాడు సైకిలాయన్ని.

"కొత్తది కొన్నానండీ."

"కొత్తది ఎందుకు కొన్నారు?"

"ఇది పాతదైపోయిందని."

బాబాయి నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఒప్పుకున్నాడు, చూశావా" అన్నాడు.

అయినా కొన్నాడు. దానికి కారణం ఉంది. కొన్ని మౌంటెన్ బైకులకి ముందూ వెనకా కూడా స్ప్రింగులుంటాయి. ఇది హార్డ్‌టెయిల్ రకం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోనే స్ప్రింగు, వెనకంతా బిగుసుకుపోయిన ఇనుము. చౌక. పైగా కదిలేవి ఎంత తక్కువుంటే అనుమానించాల్సినవి అంత తక్కువని బాబాయి సిద్ధాంతం.

సైకిలు బాల్కనీ చేరింది. ఆ సాయంత్రానికి అది సైకిలు కాదు, పాత పేపర్ల మీద పరిచిన ఇనుప సామాను. కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షూ పెట్టి చైను కడిగాడు. కడిగిన కిరసనాయిలు వడగట్టి, అందులో ఏం తేలిందో వెలుతురులో పెట్టి చూశాడు. ట్యూబు బకెట్లో ముంచాడు. బుడగ రాలేదు. మామూలు మనిషైతే సంతోషించేవాడు. బాబాయి మొహం గంభీరమైంది. "దాక్కుంది" అన్నాడు. బ్రేకు రబ్బర్లు ఒక కొట్లో ఒక జత, ఇంకో కొట్లో ఒక జత కొని, రెంటినీ పక్కపక్కన పెట్టి, నిందితుల్ని విడివిడిగా విచారించే పోలీసులా చాలాసేపు చూశాడు.

అసలు గొడవ ఫోర్కుతో వచ్చింది. ఉన్నదానిలోంచి నూనె కారుతోంది. కొత్తది కొనే స్తోమత లేదు. మెకానిక్ తన పాత సామాన్లలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాడు. ఎలా ఉంది అని బాబాయి అడిగితే బాగుందన్నాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఎంత బాగుంది అని బాబాయి అడిగాడు, చాలా బాగుందని అతను అన్నాడు. దారి పొడుగునా బాబాయి నాతో అన్నది ఒక్కటే: "బాగున్నదాన్ని బాగుందంటారు. చాలా అనడం దేనికి?"

సైకిలు పూర్తయింది. తళతళలాడుతూ బాల్కనీలో నిలబడింది. కానీ చెల్లెలి చేతికి రాలేదు. ఇవాళ ఇవ్వమంటే ఇంకా చూడాలంటాడు. రేపైనా ఇవ్వమంటే రేపు రానీ అంటాడు. ఆదివారం దగ్గర పడుతోందని అది నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఆ సంగతి క్యాలెండరు చెబితే సరిపోతుందా అన్నాడు.

ఆ సాయంత్రం చెల్లెలు నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల, రెయిలింగు గోకుతూ కూర్చుంది.

"అన్నయ్యా, నాన్నకి అనుమానం సైకిలు మీద కాదు. నా మీద. నేను ఆ కొండ దిగలేనని. ఆదివారం దాటిపోయేదాకా ఇలాగే సాగదీస్తాడు. మొహం మీద వద్దనలేక."

కాదని చెబుదామనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇంతలో ఇంట్లో అనుమానం దిశ మార్చుకుంది. బాబాయి తెల్లవారగానే సైకిలు తీసుకుని మాయమవడం మొదలుపెట్టాడు. ఎక్కడికంటే గాలి కొట్టించడానికన్నాడు. గాలి కొట్టించుకొచ్చిన మనిషి బట్టల్లోంచి బాత్రూములో ఇసుక రాలింది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. మోచేతికి ప్లాస్టరు ఏమిటంటే తలుపు తగిలిందన్నాడు. ఏ తలుపని పిన్ని అడిగింది. బాబాయి ఆలోచించి, "మూసి ఉన్నది" అన్నాడు.

పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "ఇన్నేళ్లూ లోకాన్నంతా ఆయన అనుమానించారు. నా వంతు ఇప్పటికి వచ్చింది. రేపు పొద్దున్నే వెనకాల వెళ్లు. కనబడకు" అంది. ఆవిడ కళ్లల్లో అచ్చం బాబాయి చూపే ఉంది. కాపురాల్లో అంటువ్యాధులు ఇలాగే వస్తాయి కాబోలు.

శనివారం పొద్దున్న వెళ్లాను. కొండ మొదట్లో ఒక బండరాయి వెనక నక్కాను. పైన, రాళ్లదారి మొదలయ్యే చోట బాబాయి నిలబడి ఉన్నాడు. నెత్తిన లిఫ్టుల తనిఖీకి పెట్టుకునే పసుపుపచ్చ టోపీ. వీపున ఇసుక నింపిన సంచి. ముందుకొకసారి, వెనక్కొకసారి, ఆకాశంలోకొకసారి అనుమానంగా చూశాడు. తరువాత, జీవితంలో ఏనాడూ సైకిలు మీద వాలు దిగని మా బాబాయి, దిగాడు.

రాళ్లు తప్పించుకుంటూ వస్తాడనుకున్నాను. వెతికి వెతికి వాటి మీదికే పోనిచ్చాడు. ఎక్కడ గుంట కనబడితే అక్కడ ముందు చక్రాన్ని దబ్బున దించాడు. సైకిలు ఎగిరింది, ఇసుక సంచి ఎగిరింది, బాబాయీ ఎగిరాడు, చివరికి మలుపు దగ్గర మూడూ మూడు దిక్కులకి విడిపోయాయి. నేను పరుగెత్తేసరికి ఆయన పొదలోంచి పాక్కుంటూ వచ్చి, తనని తాను చూసుకోకుండా ఫోర్కుని రెండు చేతులా పట్టుకుని నొక్కి చూస్తున్నాడు.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"పిన్ని."

"ఊఁ. ఆవిడకి అనుమానం ఎక్కువ."

ఇదంతా ఏమిటని అడిగాను. బాబాయి మోచేతి మీది మట్టి దులుపుకున్నాడు. "ఈ ఫోర్కు విరిగేదే అయితే ఆదివారం లోపల విరగాలి. నా కింద విరగాలి."

"మరి ఆ ఇసుకేమిటి?"

"మీ చెల్లెలు రాళ్ల మీంచి దూకుతుందటగా. దూకితే బరువు ఎక్కువ పడుతుంది."

"మీరు ఎప్పుడూ కొండ దిగరు కదా బాబాయ్."

"ఇప్పుడూ దిగలేదు. పడ్డాను."

అప్పుడిక ఉండబట్టలేక, చెల్లెలు ఏమనుకుంటోందో చెప్పేశాను. దాని మీద ఆయనకి నమ్మకం లేదనీ, పోటీ దాటించేయాలనే సైకిలు దాచాడనీ అనుకుంటోందన్నాను. బాబాయి ఫోర్కు వదిలేశాడు. నా మొహంలోకి చూసి, నేను అబద్ధం చెప్పడం లేదని ఎందుకో వెంటనే నమ్మాడు.

"దాన్ని అనుమానించడమేమిట్రా" అన్నాడు మెల్లగా. "నేను తనిఖీ చేయకుండా వదిలేసింది లోకంలో అదొక్కటే." మళ్లీ ఫోర్కు పట్టుకుని, "ఈ మాట దానికి చెప్పకు. నెత్తికెక్కుతుంది" అన్నాడు.

ఇంటికెళ్లగానే చెప్పాను. చెల్లెలు వెళ్లి తండ్రి మోచేతికి ఉన్న పాత ప్లాస్టరు పీకి, కడిగి, కొత్తది వేసింది. ఆయన ఆ ప్లాస్టరు అట్ట తిప్పి, ఎప్పుడు తయారైందో చూసుకున్నాడు. ఆ సాయంత్రం సైకిలు దాని చేతిలో పెట్టాడు.

"అయితే బాగుందన్నమాట" అంది చెల్లెలు.

"నేను అలా అనలేదు. తొక్కమన్నాను."

ఆదివారం పోటీకి అందరం వెళ్లాం. కొండ కింద జనం గుమిగూడారు. పైనుంచి పిల్లలు దుమ్ము రేపుతూ ఒక్కొక్కరే దిగుతుంటే, పిన్ని కళ్లు మూసుకుని నా చొక్కా పట్టుకుంది. మా చెల్లెలు ఆ మలుపు దగ్గర గాల్లోకి లేచి, కింద రెండు చక్రాల మీదా వాలి, ఈల వేస్తున్న జనం మధ్యలోంచి దూసుకొచ్చింది. జట్టుకి తీసుకున్నవాళ్లలో ఆఖరి పేరు దానిది. ఆఖరిదైనా అది పేరే. పిన్ని నా చొక్కా వదిలి కళ్లు తుడుచుకుంది. చెల్లెలు హెల్మెట్ తీసి గుంపులో తండ్రి కోసం వెతుక్కుంది.

బాబాయి అదేదీ చూడలేదు. సైకిళ్లు నిలబెట్టిన చోట గొంతుక్కూర్చుని, కోచ్‌గారి సైకిలుకి వెనక బ్రేకు బిగిస్తున్నాడు.