గండిపేట చేరని అమెరికా బండి

పాత కార్లు కొని బాగుచేసుకునే కుర్రవాళ్ళు ఈ మధ్య నన్ను తరచుగా ఒకటే అడుగుతున్నారు. పాతబస్తీ నుంచి గండిపేట దాకా అలాంటి బండిలో వెళ్ళిరావచ్చా, దారి ఎలా ఉంటుంది, ఎంతసేపు పడుతుంది అని. వెళ్ళిరావచ్చు నాయనా, శుభ్రంగా వెళ్ళిరావచ్చు. నేను మాత్రం బయల్దేరాను గానీ చేరలేదు. డెబ్బైల చివర, ఆషాఢం ముసురులో, ఒక బుధవారం నాటి మాట. ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, సరదా కబుర్లు ఉంటాయనుకుంటే మాత్రం ఇక్కడే ఆపేయండి.

మీరు మజిల్ కారు అంటున్నారు. మాకు ఆ మాట తెలియదు, అమెరికా బండి అనేవాళ్ళం. పొడుగాటి బానెట్, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. శాలిబండలో ఒక పాత నవాబు బంగళా, దేవిడీ అంటారు, దాని వెనక, సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో నాకు దొరికింది. నేనప్పుడు ఊరవతల ఒక ప్రభుత్వ కర్మాగారంలో టర్నర్ని. ప్రావిడెంట్ ఫండులోంచి అప్పు తీసి కొన్నానని తెలిశాక మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు మాట్లాడింది, మాట్లాడకపోతేనే బాగుండేదనిపించింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, సెలవు దొరికినప్పుడల్లా, నేనూ కరీం ఉస్తాదూ ఆ ఇంజనును విప్పి మళ్ళీ కట్టాం. దొరకని సామాను నేను లేతు మీద తీసేవాణ్ణి, ఉస్తాద్ ఆకురాయితో రుద్ది కూర్చోబెట్టేవాడు.

ఉస్తాద్‌కు అరవై దాటాయి. శాలిబండ గల్లీలో రేకుల షెడ్డు. ఇంజను జబ్బును చెవితో పట్టేవాడు. రెండడుగుల వెదురు బద్ద ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, ఎన్నో సిలిండరులో ఏముందో చెప్పేవాడు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఉస్తాద్ నోరు విప్పేదాకా బండి చప్పుడు గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి ఒక పెద్దమనిషి "లోపల ఏదో కొట్టుకుంటున్నది ఉస్తాద్" అన్నందుకు, "చెవి నీదా, నాదా?" అని తాళంచెవి చేతిలో పెట్టి పంపించేశాడు. మేమంతా దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఆ చెవులు పోయాయి. ఉగాది ముందే నాకు తెలిసింది. వెదురు బద్దను చెవి దగ్గర కాకుండా పళ్ళతో కరిచి పట్టుకోవడం చూశాను, అదురు దవడలోకి వస్తుందన్నమాట. కొడుకు సలీంకూ తెలుసు. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు, అమెరికా బండ్లన్నిటికీ ఇంజను పీకేసి డీజిల్ ఇంజన్లు వేయించుకుంటున్నారు. సలీం అదే షెడ్డులో ఆ పని పెడదామంటాడు, తండ్రి పడనివ్వడు. అబ్బాకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉందని వాడు నా దగ్గర వాపోయేవాడు. చివరికి తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. నా బండి సొంత ఇంజనుతో గండిపేట వెళ్ళి తిరిగొస్తే ఇక సలీం ఆ మాట ఎత్తడు. రాకపోతే ఉస్తాద్ షెడ్డు వాడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటాడు. మా ప్రయాణం ఇందుకు మొదలైంది.

పొద్దున ఆరింటి బస్సెక్కి, చార్మినార్ దగ్గర దిగి, శాలిబండ దాకా నడిచాను. ఏడున్నరకు బండి బయటికి తీశాం. ఉస్తాద్ ఇస్త్రీ చేసిన షేర్వానీ తొడుక్కుని వచ్చాడు, ఆయనను గ్రీజు లేకుండా నేను చూడడం అదే మొదటిసారి. తనే నడుపుతాడనుకుంటే తాళంచెవి నా చేతిలో పెట్టి, పక్క సీటులో కూర్చున్నాడు. నా మీద ఎంత నమ్మకమో అని పొంగిపోయాను. ఆయిలు మీటరు కొన్ననాటి నుంచీ చచ్చే ఉంది, ముల్లు కదలదు. అది లేకపోతేనేం, ఉస్తాద్ ఉన్నాడుగా అనేవాళ్ళం. సలీం గుమ్మంలో నిలబడి చూశాడు.

చార్మినార్ చుట్టూ తిరిగి పత్తర్‌గట్టిలోకి వచ్చేసరికి దుకాణాల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఆ రాతి కమానుల మధ్య ఇంజను చప్పుడు గుండెలో మోగింది. చేతిలో చాయ్ సాసరు పట్టుకున్నవాళ్ళు తాగడం మానేసి చూశారు. అబద్ధమెందుకు, ఆ పది నిమిషాలు నా అంత వాడు లేడనుకున్నాను. మదీనా చౌరస్తా దగ్గర వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా కొట్టాడు. ఉస్తాద్ తల తిప్పలేదు. ముందుకే చూస్తూ చిన్నగా నవ్వుకుంటున్నాడు. నా పొంగంతా చప్పున చల్లారింది.

నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా బేగంబజార్ వెళ్ళాం. రేడియేటరులో పోయడానికి నీళ్ళుండాలి కదా, పదకొండు రూపాయలకు ఒక అల్యూమినియం బిందె కొన్నాం. ఎనిమిదిన్నర దాటితే ఆ సందుల్లోకి బండి తేకండి, తోపుడుబండ్ల మధ్య ఇరుక్కుంటారు. ఒక హమాలీ మూట దించి, లీటరుకు ఎంతిస్తుందన్నా అని అడిగాడు. మూడు కిలోమీటర్లంటే నమ్మలేదు, ఏనుగును మేపినట్టే అని నవ్వి పోయాడు. పైన ముసురు, కింద తడి. బండి కింద నూనె చుక్కలు పడినా ఆ తడిలో తెలిసే వీలు లేదు. పడుతూనే ఉన్నాయని తర్వాత తేలింది.

పురానాపూల్ దగ్గరికి వస్తుండగా నాకు చప్పుడు వినబడింది. టిక్ టిక్ టిక్ అని, గడియారమంత చిన్నగా. నూనె అందక పైన వాల్వులు చేసే చప్పుడది. టర్నర్ని, నాకు తెలియదా? ఉస్తాద్ వంక చూశాను. ఆయన కిటికీలోంచి మూసీలో పచ్చటి గడ్డి కోస్తున్నవాళ్ళను చూస్తున్నాడు. ముఖంలో ఎంత తృప్తి! నా నోరు తెరుచుకుంది, మూసుకుంది. చప్పుడు ఉందని నేనంటే, మీకు వినబడలేదని అన్నట్టే. ఏ మాట నిజం కాదని చూపించడానికి ఈయన షేర్వానీ వేసుకుని వచ్చాడో, ఆ మాట నా నోటితో అనడమే. తగ్గిపోతుందిలే అనుకున్నాను. మెల్లగా నడిపితే గండిపేట చేరతాం, అక్కడ ఈయన నమాజు చదువుకునే వేళలో బానెట్ ఎత్తి నేనే చూసుకుంటాను అనుకున్నాను.

కార్వాన్‌లో అది టక్ టక్ అయింది. లంగర్‌హౌజ్‌లో ఇరానీ హోటల్ ముందు ఆపుదాం, చాయ్ తాగుదాం అని సైగ చేశాను. ఉస్తాద్ వద్దని చెయ్యి ఊపాడు, తిరిగొచ్చేటప్పుడు తాగుదామన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టి ఆపాల్సింది. ఆపలేదు. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, చాలా అందమైన దారి. నాకేమీ కనబడలేదు. నా ఒళ్ళంతా చెవే అయింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఒక చిన్న ఎత్తు ఎక్కుతుండగా, బానెట్ కింద సమ్మెటతో కొట్టినట్టు ఒక దెబ్బ పడింది. బండి మొత్తం అదిరి ఆగిపోయింది.

ఆ అదురు ఆయనకూ తెలిసింది. దిగి, షేర్వానీతోనే తడి నేల మీద పడుకుని కిందికి చూశాడు. కనెక్టింగ్ రాడ్డు విరిగి, ఇంజను పక్క గోడను చీల్చుకుని బయటికొచ్చింది, పిడికిలి పట్టేంత బొక్క. అలాంటి ఇంజను దేశంలో ఇంకొకటి దొరకదు, అతుకు వేయడానికీ లేదు. ఆయిలు పైపు దగ్గర ఒక నట్టు లూజైంది, అంతే. పురానాపూల్ దగ్గర ఆపి ఉంటే స్పానరుతో ఒక్క తిప్పు, డిక్కీలో ఉన్న రెండు లీటర్ల నూనె, పది నిమిషాల పని.

ఉస్తాద్ లేచి, చేతులు తుడుచుకోకుండానే నా పెదవుల వంక చూస్తూ అడిగాడు. "ఎక్కడి సంది మోగుతున్నది?"

ఇప్పుడే అని అబద్ధం ఆడొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆడలేకపోయాను. "పురానాపూల్ కాడి నుంచి" అన్నాను. ఆయనకు అందలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచి, అదే మాట మళ్ళీ అరిచాను.

"నా చెవులు పోయినయని నాకు తెల్వదా బేటా? రెండేండ్లాయె. నీ చెవులున్నయి గదా అని ధైర్నం చేసిన. గాడి నీ చేతికెందుకిచ్చిన అనుకున్నవు?"

"చెప్తే మీకు చిన్నతనమైతదనుకున్న ఉస్తాద్."

"మరి ఇప్పుడు గాలేదా?"

నర్సింగి నుంచి గడ్డి తెస్తున్న ఒకాయన జాలిపడి, తన బండిని పక్కన నిలిపి, ఎద్దులను విప్పి మా బంపరుకు కట్టాడు. లంగర్‌హౌజ్ దాకా పది రూపాయలు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. ఉస్తాద్ ఎక్కనన్నాడు. బురద కొట్టుకున్న షేర్వానీతో, ఎద్దుల వెనక, వానలో ఆ మూడు మైళ్ళూ నడిచాడు. దారిలో జనం నవ్వారు, ఎవరో ఈల వేశారు. లంగర్‌హౌజ్‌లో లారీ మాట్లాడుకుని శాలిబండ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. సలీం దెప్పుతాడని భయపడ్డాను. వాడు తండ్రిని చూసి, లోపలికెళ్ళి వేణ్ణీళ్ళు పెట్టాడు. వాడు కూడా ఓడిపోయినవాడిలాగే ఉన్నాడు.

మరుసటి నెల నా బండికి సలీం డీజిల్ ఇంజను కూర్చోబెట్టాడు. ట్రాక్టరులా దడదడలాడుతూ నడిచేది, ఏడాది తిరక్కుండా అమ్మేశాను. ఉస్తాద్ ఇంటికి అప్పుడప్పుడూ వెళ్ళేవాణ్ణి. చాయ్ ఇప్పించేవాడు, పిల్లల చదువుల గురించి అడిగేవాడు. బండ్ల మాట మాత్రం ఎత్తనిచ్చేవాడు కాదు. నోరు జారితే తీసుకోలేమని పెద్దలు చెప్పారు. అణచుకున్న మాటను కూడా వెనక్కి తెచ్చుకోలేమని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చూపించింది మర్యాద అనుకున్నాను. ఆయన ఒక్క మనిషిని నమ్మి సీటు మారితే, ఆ ఒక్కడూ నోరు కుట్టుకుని కూర్చున్నాడు. ఇంజను పోయినందుకు ఏడ్చింది తక్కువ, దీనికి ఏడ్చింది ఎక్కువ.

ఇక దారి సంగతి. పొద్దున ఏడు లోపు బయల్దేరితే శాలిబండ నుంచి పురానాపూల్, లంగర్‌హౌజ్ మీదుగా పాత బండికి గంటా పావు పడుతుంది. నీళ్ళు, నూనె, స్పానర్లు పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. కొత్త చప్పుడు చెవిన పడిన చోటే బండి ఆపండి, పక్కన ఎంతటివాడు కూర్చున్నా సరే, వినబడింది వినబడినట్టు చెప్పండి. ఆయనకు వినబడేంత గట్టిగా చెప్పండి.